కర్మాగారంలో కరెంటు నాణ్యత – 4వ పాఠం: పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ఆరు డయోడ్ల రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) ఉన్న డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఐదో, ఏడో హార్మోనిక్‌లను, అంటే 50 హెర్ట్జ్ సరఫరాకు ఐదు, ఏడు రెట్లైన 250, 350 హెర్ట్జ్ కరెంటును ఎలా పుట్టిస్తుందో గత పాఠంలో చూశాం. ఇప్పుడు వాటిని కొలిచే అనలైజర్ తగిలించే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న: ఏ సందర్భంలో పరీక్ష తప్పనిసరి?

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. ‘మెషిన్‌తో సర్టిఫికెట్ వచ్చింది కదా, మళ్లీ పరీక్ష దేనికి?’ అని చాలామంది అడుగుతారు. ఆ సర్టిఫికెట్ యంత్రానిది, మీ ప్లాంటుది కాదు. ఫేజుకు 16 ఆంపియర్ల వరకు తీసుకునే పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-3-2, అక్కడి నుంచి 75 ఆంపియర్ల వరకు 61000-3-12 హార్మోనిక్ కరెంటుకు హద్దులు పెడతాయి. 75 దాటిన పెద్ద డ్రైవ్‌లకు ఈ రెండూ వర్తించవు. ఐఈఈఈ 519 ప్రమాణం యంత్రం జోలికి పోదు. మీ ప్లాంటు, సరఫరా లైను కలిసే చోటును చూస్తుంది. హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారుకు అది సాధారణంగా మీటరు ఉన్న వైపు. విడివిడిగా సర్టిఫికెట్ ఉన్న నలభై డ్రైవ్‌లు అక్కడికి చేరేసరికి హద్దు దాటవచ్చు.

ఆ హద్దు అందరికీ ఒకటే కాదు. 600 కేవీఏ డిమాండ్ ఉన్న ప్లాంటు దగ్గర 11 కేవీ లైను ఫాల్ట్ లెవెల్ (షార్ట్ సర్క్యూట్ అయితే లైను ఇవ్వగల సామర్థ్యం) 100 ఎంవీఏ అనుకోండి. ఫాల్ట్ లెవెల్‌కూ డిమాండ్‌కూ నిష్పత్తి సుమారు 167, అనుమతించే మొత్తం హార్మోనిక్ కరెంటు 15 శాతం. అదే ప్లాంటు పొడవైన ఫీడరు చివర, 20 ఎంవీఏ దగ్గర ఉంటే నిష్పత్తి 33, హద్దు 8 శాతం. కాబట్టి లోడు పెంచుతున్నా, సరఫరా వేరే ఫీడరుకు మారుతున్నా పరీక్ష చేయించండి. ఈ శాతాన్ని గరిష్ఠ డిమాండ్ కరెంటు మీద లెక్కిస్తారని గుర్తుంచుకోండి. 800 ఆంపియర్ల ప్లాంటులో రాత్రి 100 ఆంపియర్లే నడుస్తుంటే మీటరు 30 శాతం టీహెచ్‌డీ (అప్పుడు నడుస్తున్న కరెంటుతో పోలిస్తే హార్మోనిక్‌ల మొత్తం) చూపవచ్చు. అది 30 ఆంపియర్లే. డిమాండ్‌తో పోలిస్తే నాలుగు శాతం కూడా కాదు.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయే సందర్భం కెపాసిటర్లు పెట్టడం. తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది కాబట్టి కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్ పెంచి బిల్లు తగ్గించుకోవాలని అందరికీ ఉంటుంది. ఒక స్పిన్నింగ్ మిల్లులో డ్రైవ్‌లు రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. 400 కేవీఏఆర్ ఆటోమేటిక్ కెపాసిటర్ ప్యానెల్ పెట్టిన నెలకే కెపాసిటర్ డబ్బాల పైమూతలు గోపురంలా ఉబ్బాయి. ప్యానెల్ తలుపు తీస్తే కాలిన ఇన్సులేషన్ వాసన, సన్నని గీరుడు మోత. అందరూ కెపాసిటర్ల నాణ్యతను తప్పుపట్టారు.

లెక్క వేసి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ 1000 కేవీఏ, ఇంపీడెన్స్ 5 శాతం. షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 20,000 కేవీఏ. దాన్ని 400తో భాగిస్తే 50, వర్గమూలం దాదాపు 7. శ్రుతి (రెజొనెన్స్) కలిసే హార్మోనిక్ సంఖ్య అదే. డ్రైవ్‌లు పుట్టించే ఏడో హార్మోనిక్‌కు ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు కలిసి సరిగ్గా శ్రుతి కలిపాయి. కెపాసిటర్ తనంతట తాను హార్మోనిక్‌ను పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. అందుకే అక్కడ పరీక్ష కావాలని ఎవరికీ తోచలేదు. ప్యానెల్ ఒక్కో మెట్టు కలిపినప్పుడల్లా ఈ సంఖ్య మారుతుంది కనుక ప్రతి మెట్టు దగ్గరా కొలవాలి. అక్కడ కెపాసిటర్లకు వరుసగా 7 శాతం రియాక్టర్లు (తీగచుట్టలు) జోడించాక శ్రుతి 189 హెర్ట్జ్‌కు, ఐదో హార్మోనిక్ కంటే కిందికి దిగింది. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజీ పెరుగుతుంది, అందువల్ల ఎక్కువ వోల్టేజీ రేటింగ్ ఉన్న కెపాసిటర్లే వేయాలి.

కెపాసిటర్లు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలవండి. మొదటి రీడింగ్ లేకపోతే రెండోది మీకు దేన్నీ రుజువు చేయదు.

ఒక మధ్యాహ్నం క్లాంప్ మీటరు పెట్టి చూసింది పరీక్ష కాదు. ఐఈఈఈ 519 ప్రకారం వారం రోజుల పది నిమిషాల విలువల్లో 95 శాతం హద్దులోపు ఉండాలి. ఐఈసీ 61000-4-30 క్లాస్ ఏ పరికరం వాడండి. వారాంతపు సెలవునూ రాత్రి షిఫ్టునూ కలిపే వారాన్ని ఎంచుకోండి.

జనరేటర్ కొత్తగా పెట్టినా పరీక్ష కావాలి. దాని ఇంపీడెన్స్ సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, అవే డ్రైవ్‌లు వోల్టేజీని మరింత వంకర చేస్తాయి. వోల్టేజీ ఒక్క క్షణం కుంగితే కాంటాక్టర్లు పడిపోయే సమస్య వేరు. అది యంత్రం తట్టుకునే శక్తికి సంబంధించినది, ఐఈసీ 61000-4-11, 61000-4-34 పరీక్షల కిందికి వస్తుంది. కొనేముందే తయారీదారు నుంచి ఆ నివేదిక అడగండి.

అభ్యాసం: ట్రాన్స్‌ఫార్మర్ 630 కేవీఏ, ఇంపీడెన్స్ 5 శాతం. 25 కేవీఏఆర్ మెట్లతో 300 వరకు వెళ్లే ప్యానెల్ ఉంది. ఏ మెట్టు దగ్గర శ్రుతి ఏడో హార్మోనిక్ పక్కకు, ఏ మెట్టు దగ్గర పదకొండో హార్మోనిక్ పక్కకు వస్తుంది? కాగితం మీద వేసి ఉంచుకోండి. 5వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.