రాసుకుందాం – మూడో పాఠం: ‘గొడవైంది’ అంటే ఏం జరిగింది?

పోయిన పాఠంలో, జరిగిన వాటి జోలికి పోకుండా చుట్టూ కనిపించే వాటి గురించి పది నిమిషాలు రాయమన్నాను. కిటికీ, పొయ్యి, గుమ్మంలో పిల్లల చెప్పులు, ఏదైనా సరే. అది చేసి ఉంటే చెయ్యి కాస్త అలవాటు పడి ఉంటుంది. చేయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అదే చేయండి. ఈ వారం పని దానికంటే బరువైంది. ఇంట్లో భర్త మిమ్మల్ని బాధపెట్టిన ఒక సంఘటనను కాగితం మీద పెడతాం.

ఒక్కటే. కాపురం మొత్తం కాదు. అన్నిటికన్నా ఘోరమైన రాత్రి అసలే కాదు. తలుచుకుంటే వచ్చే భయానికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోండి. నాలుగు దగ్గర ఉండేదాన్ని ఎంచుకోండి. పెళ్లిలో చుట్టాల ముందు మాట అన్న రోజు కావచ్చు, మీ ఏటీఎం కార్డు తీసేసుకున్న సాయంత్రం కావచ్చు. పదికి పది వచ్చే రాత్రి గురించి ఎప్పటికీ రాయకపోయినా ఫరవాలేదు.

ఇంకా అదే ఇంట్లో ఉంటున్నవాళ్లకు మొదటి పాఠంలో చెప్పిందే మళ్లీ చెప్తున్నాను. పుస్తకం దొరికితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అమ్మవాళ్లింట్లోనో, ఆఫీసు డ్రాయర్లోనో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి. ఫోన్లో రాస్తే ఇంకా సేఫ్ అని చాలామంది అనుకుంటారు. ఆ ఫోన్లో గూగుల్ అకౌంట్ ఆయనే పెట్టి ఇచ్చి ఉంటే, మీరు రాసుకున్న నోట్ ఆయన ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకోవచ్చు. దాచే చోటే లేదంటే రాయండి, ఒకసారి చదువుకోండి, చింపేయండి. ప్రాణానికే భయం ఉన్న రోజు మాత్రం రాయడం గురించి ఆలోచించొద్దు. 112కి గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి.

ఇక పని. టైమర్ పెట్టుకుని పదిహేను నిమిషాలు ఆపకుండా రాయండి. తప్పులు దిద్దొద్దు, మంచి మాట కోసం వెతకొద్దు. రాశాక లేచి మంచినీళ్లు తాగి వచ్చి, పెన్సిల్ పట్టుకుని చదవండి. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ పని చేసింది ఎవరు? జవాబు వాక్యంలో లేకపోతే కింద గీత గీయండి.

చాలా గీతలు పడతాయి. మన ఇళ్లలో ఈ విషయాలు చెప్పుకునే తీరే అలాంటిది. ‘నిన్న మా ఇంట్లో గొడవైంది.’ ‘మాటా మాటా పెరిగింది.’ ‘దెబ్బ తగిలింది.’ దెబ్బ దానంతట అది నడుచుకుంటూ వచ్చి తగిలిందా? డాక్టరు దగ్గర ‘బాత్రూంలో జారిపడ్డాను’ అని చెప్పడం అబద్ధమని మనకు తెలుసు. గీత పడ్డ ఈ వాక్యాలు అబద్ధాలు కావు. కానీ వీటిలో మనిషి ఉండడు. అమ్మ ఇలాగే చెప్పింది, పక్కింటి పిన్ని ఇలాగే చెప్పింది, మనమూ నేర్చుకున్నాం.

ఒక ఉదాహరణ చూడండి. పాఠం కోసం నేను అల్లిందే, ఎవరి జీవితమూ కాదు. మొదటి ప్రతి ఇలా వచ్చిందనుకుందాం:

‘ఆ రోజు కూర విషయంలో గొడవైంది. మాటా మాటా పెరిగింది. ఆయన చెయ్యి చేసుకున్నారు. చేతికి దెబ్బ తగిలింది. చాలా బాధేసింది. ఆడదాని బతుకింతే అనిపించింది.’

గీతలు గీశాక రెండో ప్రతి:

‘ఆదివారం రాత్రి తొమ్మిది దాటింది. టీవీలో మ్యాచ్ వస్తోంది. నేను పప్పు, వంకాయ కూర వడ్డించాను. ఆయన ఒక ముద్ద తిని కంచం నెట్టేశాడు. మీ అమ్మ నేర్పింది ఇదేనా అన్నాడు. ఉప్పు తెస్తానని లేచాను. ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. గాజు విరిగి మణికట్టు దగ్గర గీరుకుంది. బాబు గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నువ్వెళ్లి పడుకో నాన్నా అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.’

‘మాటా మాటా పెరిగింది’ అనే వాక్యం రెండో ప్రతిలో ఎక్కడికి పోయింది? రాయబోతే అక్కడ ఏమీ దొరకలేదు. ఆయన ఒక మాట అన్నాడు, ఈమె ఉప్పు తెస్తానంది. అంతే. ఆ గొడవలో సగం వాటా ఇన్నాళ్లూ ఈమె తన మీద వేసుకుని మోస్తోంది. బాబు కూడా మొదటి ప్రతిలో లేడు. ‘బాధేసింది’ అని రాయకూడదనేం కాదు, కానీ రెండో ప్రతిలో ఆ చివరి వాక్యం వచ్చాక దాని అవసరం పెద్దగా కనిపించదు. ‘చేసుకున్నారు’ కాస్తా ‘మెలిపెట్టాడు’ అయింది చూశారా? అది నేను కావాలనే మార్చాను. మీ పుస్తకంలో ఆయన, అతను, వాడు, ఏది రాస్తారో మీ ఇష్టం. అక్కడ మర్యాద తప్పిందని ఎవరూ అనరు.

ఇలా రాయడం మీద పరిశోధన ఉంది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు నాలుగు రోజుల పాటు రోజుకు పదిహేను నిమిషాలు తమకు బాగా కష్టం కలిగించిన అనుభవం గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం, ఏమి జరిగిందో, తమకు ఏమనిపించిందో రెండూ రాసినవాళ్లు మామూలు విషయాలు రాసినవాళ్లకంటే కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే వాళ్లు రాసింది తలుపు వేసిన గదిలో, కొట్టేవాళ్లు లేని చోట. పొద్దున్నే లేచి అదే మనిషికి టిఫిన్ పెట్టాల్సిన మనిషికి ఆ లెక్కలు అచ్చం అలాగే వర్తిస్తాయని నేననను. అందుకే మనం నాలుగు రోజులు వరసగా రాయం, వారానికి ఒకసారే. రాస్తుంటే చేతులు వణికి, ఊపిరి అందనట్టు అనిపిస్తే వాక్యం మధ్యలోనైనా ఆపేయండి. పెన్నెబేకర్ కూడా ఆపేయమనే చెప్పాడు. నాలుగైదు రోజులైనా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

ఆ తర్వాతి పరిశోధనల్లో ఇంకోటి గమనించారు. రాసేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. కాబట్టి రెండో ప్రతి కింద, ఇప్పుడు మీకేం అర్థమవుతోందో మూడు నాలుగు వాక్యాలు రాయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘నేను ఎదురు చెప్పాను కాబట్టి కొట్టాడు’ అనేది కారణం కాదు. అది ఆయన చెప్పుకునే సాకు, మీ చేతిరాతలో. అలాంటి వాక్యం వస్తే కొట్టేయకండి, పక్కన ‘ఇది ఎవరి మాట?’ అని రాసి వదిలేయండి.

ఇంటి విషయం కాగితం మీద కనిపిస్తే ఏమవుతుందో మన నేల మీదే ఒకసారి చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో, భర్త తాగుడుతో నలిగిన ఒక ఆడమనిషి కథ పాఠంగా వచ్చింది. అది చదివాక ఆ జిల్లాలోని దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ సంగతీ పాఠంగా అచ్చయితే మిగతా ఊళ్లవాళ్లు చదువుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు అప్పుడప్పుడే గుణింతాలు కూడబలుక్కుంటున్నవాళ్లు.

ఇంకో చిన్న పుస్తకం విడిగా పెట్టుకోమంటాను. మొదటిది మీకోసం, అందులో ఏడవొచ్చు, తిట్టొచ్చు. రెండోదాంట్లో అవేవీ వద్దు: తేదీ, సమయం, చోటు, ఎవరు ఏం చేశారు, అన్న మాట అన్నట్టుగా, చూసినవాళ్లెవరు, ఆసుపత్రి ఓపీ చీటీ ఉందా. 2005 నాటి గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి (ప్రొటెక్షన్ ఆఫీసర్) దగ్గరికి వెళ్తే గృహహింస సంఘటన నివేదిక రాస్తారు. ఆ ఫారంలో అడిగేవి చాలావరకు ఇవే. కొట్టడమే కాదు, తిట్లు, లైంగిక హింస, డబ్బు ఇవ్వకపోవడం, నగలు లాక్కోవడం కూడా ఆ చట్టం ప్రకారం హింసే. ఆదాయం ఎంత ఉన్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. తేదీ గుర్తు లేకపోతే ‘ఉగాదికి ముందు వారం’ అని రాయండి, ఊహించి అంకె వేయొద్దు. ఈ రెండు పుస్తకాలూ కలపకండి. ఒకటి ఎవరికైనా చూపించాల్సి రావచ్చు, ఇంకోటి ఎవరికీ చూపించక్కర్లేదు.

రాసిన రోజు తర్వాతి అరగంట ఖాళీగా ఉంచుకోండి. ఆయన ఇంటికొచ్చే వేళకు ముందు రాయొద్దు, పడుకోబోయే ముందూ వద్దు. ముఖం కడుక్కుని బయట నాలుగడుగులు వేయండి.

వచ్చే వారం ఇదే సంఘటనలో ‘నేను’ తీసేసి ‘ఆమె’ అని రాస్తాం. రెండో ప్రతి ఉంచుకునే వీలుంటే ఉంచండి. చింపేయాల్సి వస్తే గుర్తున్నంత వరకు చాలు.