ఫొటో పాఠాలు – 4: వెలుగు గోడకు ఎటునుంచి తగులుతోంది?

పోయిన పాఠం చివర, గరుకుతనం కనిపించేలా ఒక గోడ ఫొటో తీసి పంపమన్నాను. చాలామంది పంపారు. పెచ్చులూడిన సున్నపు గోడలు, నాచు పట్టిన ప్రహరీలు, తుప్పు తిన్న షట్టర్లు, వేప బెరడు, అన్నీ మంచి ఎంపికలే. కానీ సగానికి పైగా ఫొటోల్లో గోడ చప్పగా, రంగు కాగితం అంటించినట్టు వచ్చింది. అందుకని ఈసారి చెబుదామనుకున్న ఫ్రేమింగ్ పాఠాన్ని వెనక్కి జరిపి, ముందు ఈ సంగతి తేలుస్తాను.

దాదాపు అందరూ సాయంత్రం ఐదు దాటాక వెళ్లి పడమటి గోడ తీశారు. "గోల్డెన్ అవర్‌లోనే (సూర్యుడు కిందుగా ఉండి ఎండ బంగారు రంగులో ఉండే వేళ) తీశామండీ, అయినా రాలేదు" అని కొందరు బాధపడుతూ రాశారు. ఆ వేళకు ఆ గోడ తీశారు కాబట్టే రాలేదు. ఈ గోల్డెన్ అవర్ అన్న మాట కొత్తగా నేర్చుకునేవాళ్లకు చేసినంత చెరుపు ఇంకేదీ చేయలేదని నా గట్టి అభిప్రాయం. అది మనిషి ముఖానికి మంచిది, చెరువుకు మంచిది, ఆకాశానికి మంచిది. గోడకు మాత్రం గడియారం చూసి లాభం లేదు, వెలుగు ఏ కోణంలో తగులుతోందో చూడాలి.

గోడ మీద గరుకుతనంగా మన కంటికి ఆనేది చిన్న చిన్న నీడలే. పెచ్చు ఊడిన అంచు దగ్గర ఒక సన్నని నీడ, బీట లోపల ఒక నల్లని గీత. సాయంత్రం సూర్యుడు పడమట కిందికి దిగి పడమటి గోడకు ఎదురుగా నిలుస్తాడు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని మీరూ ఎదురుగానే నిలబడతారు. ప్రతి ఎత్తు నీడా దాని వెనకే పడి, మీకు కనపడకుండా పోతుంది. మిగిలేది బంగారు రంగు ఒక్కటే. అదే నిమిషంలో ఇల్లు చుట్టి వేసవిలో ఉత్తరం గోడ దగ్గరికో, చలికాలంలో దక్షిణం గోడ దగ్గరికో వెళ్లి ఉంటే ఎండ గోడను రాసుకుంటూ పోతుండేది. మీకు కావలసిన ఫొటో అక్కడ ఉంది.

దీనికి నేను వాడే పరీక్ష చెబుతాను. ఒక పెన్ను తీసుకుని దాని కొన గోడకు ఆనించి, పెన్ను గోడలోంచి తిన్నగా బయటికి పొడుచుకొచ్చినట్టు పట్టుకోండి. గోడ మీద పడ్డ నీడ చూడండి. పెన్ను కంటే పొట్టిగా ఉంటే వెలుగు ఎదురుగా కొడుతోంది, కెమెరా తీయకండి. పెన్నుకు రెండింతల నుంచి నాలుగింతల దాకా ఉంటే తీయండి. అంతకు మించి సాగితే బీటలు, బొడిపెలు మరీ ఎక్కువై గోడ మొత్తం నలుపు తెలుపు గీతలైపోతుంది. పాత ఇటుక గోడకు అది కూడా నాకిష్టమే గానీ ముందు రెండింతల దగ్గర చేయి తిరగనివ్వండి.

ఇప్పుడు మన చెన్నై సంగతి. మనం ఉన్నది దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివరి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మూడో వారంలోనూ మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో ఉత్తరం గోడ మీద ఎండ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏటవాలుగానే పడుతుంది. తూర్పు గోడలకు పదింబావు నుంచి పదకొండుంబావు దాకా, పడమటి గోడలకు ఒంటిగంట నుంచి రెండు దాకా చూడండి. నెలను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, పెన్ను చెబుతుంది. మిట్టమధ్యాహ్నం కెమెరా తీయకూడదని ఎవరు చెప్పినా, గోడల విషయంలో ఆ మాట వినకండి.

సౌకార్‌పేట సందులు చూడండి. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లు. పొద్దునా సాయంత్రమూ అక్కడ ఎండ కింది దాకా దిగదు. నడిమధ్యాహ్నం కాసేపు మాత్రం ఎండ గోడ వెంబడి జారుతుంది. అప్పుడు పాత చెక్క తలుపు మీది ఒక్కో మేకు తల కిందా నీడ పొడుగ్గా సాగుతుంది, రంగు పొరలు లేచిన అంచులు లెక్కపెట్టొచ్చు.

అడయారు నది సముద్రంలో కలిసేచోటి విరిగిన వంతెన ఫొటోలు కూడా వచ్చాయి. 1967లో కట్టిన ఆ వంతెనలో కొంత భాగం 1977లో నీటి ఉరవడికి కొట్టుకుపోయింది. అది ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి దాని పక్కలు తూర్పూ పడమరా చూస్తాయి. సూర్యోదయాన తూర్పు పక్క కాంక్రీటు తీస్తే చప్పగానే వస్తుంది. ఆ వేళకు అక్కడ తీయవలసింది ఇసుక. నేలకు తక్కువ ఎత్తు నుంచి వచ్చే ఎండ ఇసుక మీది అలల గీతలను లేపి చూపిస్తుంది. కానీ ఎండ ఆ గీతలకు అడ్డంగా పడాలి, వాటి వెంట పడితే ఏమీ కనిపించదు. చెక్క ఈనెలకూ, తాటి మొద్దుకూ ఇదే లెక్క.

నీడలో ఉన్న చెట్టు బెరడుకు పెన్ను పరీక్ష పనిచేయదు. చెట్టు చుట్టూ తిరిగి, ఆకాశం ఏ పక్క తెరిపిగా ఉందో చూసుకుని, ఆ పక్క వెలుగు మీ ఎడమనుంచో కుడినుంచో వచ్చేలా నిలబడండి. మర్రి ఊడలు ఇలాగే బాగా వస్తాయి.

తెల్ల గోడ బూడిద రంగులో వచ్చిందన్నవాళ్లు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే కెమెరా తీసుకునే వెలుగును రెట్టింపు చేయండి. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను తగ్గించే సదుపాయం) ఆపేయండి, మనం కష్టపడి వెతికిన నీడలను అది నింపేస్తుంది. కెమెరా ఉన్నవాళ్లకు అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 చాలు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) గురించి రెండో పాఠంలో ఉంది.

పాడుబడిన ఇళ్ల విషయంలో ఒక్క మాట. మన పాత మద్రాసు టెర్రస్ కప్పు చెక్క దూలాల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి, సున్నంతో కట్టింది. దూలానికి చెద పడితే కింద నిలబడ్డవాళ్లకు తెలియదు. కప్పు మీద రావి మొక్క మొలిచిన ఇంట్లోకి అడుగు పెట్టకండి. బయటి గోడ చాలు, అదీ వాచ్‌మన్‌ని అడిగి.

ఇక అభ్యాసం. తేలిక కాదు, కానీ దీన్ని దాటవేస్తే ఐదో పాఠం అందదు. మీ ఇంటికి దగ్గర్లో తూర్పు గోడ ఒకటి ఎంచుకోండి. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ప్రతి అరగంటకూ అదే చోట నిలబడి, అదే ఫ్రేము తీయండి. ప్రతిసారీ రెండు ఫొటోలు, ఒకటి పెన్నుతో, ఒకటి పెన్ను లేకుండా. ఫిల్టర్లు వద్దు, క్రాప్ వద్దు. మంచినీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి. అన్నీ వరసగా పెట్టుకుని చూసి, ఏ అరగంటది మీకు నచ్చిందో, అప్పుడు నీడ పెన్నుకు ఎన్నింతలుందో రాసి పంపండి. పెన్ను ఫొటో జత చేయనివాటికి జవాబు రాయలేను, నీడ పొడవు తెలియకపోతే ఏం సరిచేయాలో నేను చెప్పలేను.