పద్యంలో గణాలు తెగడం లేదా? తప్పు ఎక్కడుందో పట్టుకునే దారి

ఛందస్సు మొదలుపెట్టిన పిల్లలు తడబడే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. సూత్రాలు కంఠతా వచ్చి ఉంటాయి, అయినా గణవిభజన (గురులఘువులను గణాలనే గుంపులుగా తెంచడం) కుదరదు. పద్యాన్ని కంటితో చూసి నోటితో పలకకపోవడమే చాలా తప్పులకు మూలం. గురువు, లఘువు అనేవి పలకడానికి పట్టే కాలాన్ని చెప్పే కొలతలు: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కాబట్టి పెన్సిల్ తీసే ముందు పద్యాన్ని రెండుసార్లు పైకి చదివించండి. ఇక్కడ పరీక్షకు అందరికీ తెలిసిన వేమన పద్యాన్నే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

సమస్య: పాదం చివర ఒక అక్షరం మిగిలిపోతోంది, లేదా తగ్గిపోతోంది

కారణం తొంభై పాళ్లు గురులఘువుల దగ్గరే ఉంటుంది. ఒత్తు కనిపించిన అక్షరం మీదే గురువు గుర్తు పెట్టేస్తారు. ‘ఉప్పు’ అని నిదానంగా పలకమనండి: ఉప్-పు. బరువు పడేది ‘ఉ’ మీద. అంటే ఉ గురువు, ప్పు లఘువు. ‘పుణ్య’ కూడా అంతే: పుణ్-య.

రెండో చిక్కు వట్రసుడి. ‘విక్రమ’, ‘వికృతి’ చూడడానికి ఒకేలా ఉంటాయి. ‘క్ర’లో రెండు హల్లులున్నాయి కాబట్టి దాని ముందున్న ‘వి’ గురువు. ‘కృ’లో ఉన్నది ఒక హల్లు, ఋ అనే అచ్చు. అందుకే ‘వికృతి’లో మూడూ లఘువులే, అది న గణం. ఈ ఒక్క తేడా తెలియక మార్కులు పోగొట్టుకునే పిల్లలను చూస్తే నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఒక్క నిమిషంలో చెప్పగలిగిన సంగతి ఇది.

మూడోది పదాల సరిహద్దు. ‘ఇంటి ద్వారము’ రెండు విడి మాటలు, ‘టి’ లఘువుగానే ఉంటుంది. ‘గృహద్వారము’ సమాసం, ఒక్క ఊపులో పలుకుతాం, కాబట్టి ‘హ’ గురువవుతుంది. సున్న, విసర్గ, పొల్లు తమ ముందున్న అక్షరంతో కలిసి దాన్ని గురువు చేస్తాయి, విడిగా లెక్కకు రావు. అరసున్న దేన్నీ మార్చదు.

ఇప్పుడు మొదటి పాదాన్ని తెంచి చూడండి: ఉప్పు, కప్పు, రంబు (మూడూ గలములు, అంటే గురువు, లఘువు; గలం, న గణం ఈ రెండే సూర్యగణాలు), నొక్కపో (ర: గురువు, లఘువు, గురువు), లికనుండు (సల: రెండు లఘువులు, గురువు, లఘువు). చివరి రెండూ ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త అనే ఆరింటిలోవి). మాట మధ్యలో గణం తెగిందని పిల్లలు కంగారు పడతారు. గణం మాట హద్దును పట్టించుకోదు, అది తప్పు కాదు.

సమస్య: గుర్తులన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ ఏ పద్యమో తేలడం లేదు

ప్రతి పద్యాన్నీ ‘యమాతారాజభానసలగం’ అనే గణాల గుర్తు సూత్రం పట్టుకుని మూడేసి అక్షరాలుగా కోయడం దీనికి కారణం. ఆ పద్ధతి వృత్తాలకు. ముందు పాదానికి ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టించండి. నాలుగు పాదాల్లోనూ ఒకే లెక్క వస్తే అది వృత్తం: శార్దూలానికి 19, ఉత్పలమాలకు, మత్తేభానికి 20, చంపకమాలకు 21. పై వేమన పద్యంలో 13, 11, 14, 11 వస్తాయి. లెక్క మారింది కాబట్టి ఇది వృత్తం కాదు, సూర్య, ఇంద్ర గణాలతో చూడాలి.

ఈ వేమన పద్యం ఆటవెలది. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. తేటగీతిలో ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. ‘సూర్యుడొక్కరుండు సురరాజులిద్దరు, దినకరద్వయంబు తేటగీతి’ అనే లక్షణం నోటికి వస్తే ఇది మరవరు. విచిత్రమేమిటంటే, తేటగీతి లక్షణం చెప్పే ఆ రెండు పాదాలూ ఆటవెలది నడకలో ఉన్నాయి. తెంచి చూడమంటే పిల్లలు ఎంతో ఉత్సాహపడతారు.

సమస్య: యతి కుదరలేదు

యతి అంటే పాదం మొదటి అక్షరానికి, పాదంలో నిర్ణీత చోట వచ్చే అక్షరానికి పొంతన. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం. మొదటి పాదంలో ‘ఉ’కు ‘నొ’ ఎలా సరిపోయిందని అడుగుతారు. అది ‘కప్పురంబున్ + ఒక్క’. సంధి విడదీస్తే ‘ఒ’ బయటపడుతుంది. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లుతో పాటు అచ్చుకూ స్నేహం ఉండాలన్నది మరచిపోవడం మామూలు తప్పు.

రెండో పాదం ఇంకా గట్టి పరీక్ష. ‘చూ’, ‘జా’ అక్షరాల్లో చ, జ ఒకే వర్గం, కానీ ఊ, ఆ కలవవు. అంటే వేమన తప్పాడా? లేదు. ‘చూడ’, ‘జాడ’ అని పలకండి. రెండింటిలోనూ రెండో అక్షరం ‘డ’. ఇది ప్రాసయతి, ఆటవెలదిలో చెల్లుతుంది.

సమస్య: ప్రాసను, పాదాల చివరి మోతను ఒకటే అనుకోవడం

పాదాల చివర ఒకే అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తే అది అంత్యానుప్రాస, శబ్దాలంకారం. ఛందస్సులో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం. వృత్తాలకు, కందానికి అది తప్పనిసరి. ఆటవెలదికి, తేటగీతికి అక్కరలేదు, అందుకే వేమన పద్యంలో కనిపించదు.

సమస్య: ‘లా’ కనిపిస్తే చాలు, ఉపమ అని రాసేస్తున్నారు

‘ఎప్పటిలాగే బడికి వెళ్లాడు’లో ఉపమ లేదు, పోల్చిన రెండో వస్తువే లేదు. ‘మబ్బు ఏనుగులా నల్లగా ఉంది’ ఉపమ: మబ్బు ఉపమేయం, ఏనుగు ఉపమానం, నలుపు సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ‘ఆ నల్లని మబ్బు ఏనుగేమో!’ అంటే ఊహ, ఉత్ప్రేక్ష. ‘మబ్బు ఏనుగు ఘీంకరించింది’ అంటే రెంటికీ భేదం లేదన్నట్టు, రూపకం. ఒకే మబ్బును మూడు విధాలుగా రాయించండి, తికమక పోతుంది.

సమస్య: సొంతంగా రాసిన పాదం గణాలు సరిపోయినా తప్పు అంటున్నారు

‘పల్లె బాటలో పరుగులు తీసె’ అని ఒకరు రాశారనుకుందాం. పల్లె, బాట, లోప, రుగులు, తీసె: ఐదూ సూర్యగణాలే. కానీ నాలుగో గణం ‘రు’తో మొదలైంది, ‘ప’కు యతి చెల్లదు. మొత్తం కొట్టేయనక్కరలేదు. ‘బాటలో’ తీసి ‘బాట మీద’ పెట్టి, ‘పరుగులు’ను ‘పరుగు’ చేస్తే ‘పల్లె బాట మీద పరుగు తీసె’. యతి స్థానంలో ‘ప’ నిలిచింది.

‘అమ్మ’, ‘పాట’, ‘నేల’, ‘తెలుగు’, ‘చదువు’, ‘మనసు’: రోజూ వాడే మాటల్లో సూర్యగణాలు కొల్లలుగా ఉన్నాయి. కాబట్టి రాయడం రెండో పాదంతో మొదలుపెట్టిస్తే సులువు, ఆ తరువాత దాని మీద మొదటి పాదం కట్టించాలి:

లేత గడ్డి మేసి లేగదూడొక్కటి
పల్లె బాట మీద పరుగు తీసె

మొదటి పాదంలో లేగదూ (ర), డొక్కటి (భ: గురువు, రెండు లఘువులు) ఇంద్రగణాలు, యతి లే-లే. మూడో పాదానికి కూడా ఇదే కొలత. ఆ దూడ ఎక్కడికి పరుగెత్తిందో పిల్లలే రాయాలి.