రొయ్యల చెరువు రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఆగేది కౌలు కాగితం దగ్గరే

తీరప్రాంతంలో ఉప్పునీటితో రొయ్యలు సాగుచేసే ప్రతి చెరువూ తీరప్రాంత ఆక్వా సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వద్ద నమోదు కావాలని 2005 నాటి చట్టం చెబుతోంది. చెరువుల వల్ల తాగునీటి బావులు, పొరుగు వరిచేలు ఉప్పుబారుతున్నాయన్న గోడు మీదే సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఈ చట్టానికి మూలం అదే. పైగా యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను యూరప్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాక, ఏ చెరువు సరుకో చూపలేని రైతు ధర దగ్గర గట్టిగా మాట్లాడలేని పరిస్థితి వచ్చింది.

దరఖాస్తు నింపడం పెద్ద పనేమీ కాదు, మత్స్యశాఖ సిబ్బందిని అడిగితే చెబుతారు. రుసుము విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎంతో కార్యాలయంలోనే తెలుసుకుని కట్టి, రశీదు మీ దగ్గరే ఉంచుకోవాలి.

చిక్కంతా భూమి పత్రాల దగ్గర వస్తుంది. భూమి సొంతమా, కౌలా, కౌలైతే ఎన్నేళ్లకు అన్నది దరఖాస్తులో రాయాలి. మూడెకరాల చెరువు నాలుగేళ్లకు కౌలుకు తీసుకున్న ఒక రైతు దరఖాస్తు రెండుసార్లు వెనక్కి రావడం నేను చూశాను. ఆయన చేతిలో ఉన్నది సంతకాలతో సరిపెట్టిన స్టాంపు కాగితం. ఏడాదికి మించిన కౌలైతే ఆ పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ వద్ద రిజిస్టరు చేయించడం తప్పనిసరి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. దానికి తోడు యజమాని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు సర్వే నంబరు 112/2 కాస్తా 112/2ఎ, 112/2బి అయింది, కాగితంలో మాత్రం పాత నంబరే ఉండిపోయింది. ఈలోగా "అంతా నేను చూసుకుంటాను" అన్న ఏజెంటుకు ఆరు వేలు ముట్టాయి. ఆ కౌలు పత్రాన్ని సరిచేయగలిగింది యజమాని, కౌలుదారు తప్ప ఏజెంటు కాదు.

అందుచేత చెరువులో రొయ్య పిల్ల వేయకముందే అడంగల్, 1బి (భూమి ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారో చూపే రెవెన్యూ నకళ్లు) తీసుకుని, గ్రామ సర్వేయరుతో గట్టు మీద నిలబడి నంబరు సరిచూసుకుని, ఆ నంబరుతోనే కౌలు పత్రం రాయించుకోవడం మేలు. పత్రం రిజిస్టరు చేస్తే భూమి చేజారుతుందేమోనని జంకే యజమానులు ఉంటారు. కౌలు పత్రం రిజిస్టరైనా, చెరువు నమోదైనా భూమి యాజమాన్యం మారదని వారికి నెమ్మదిగా చెప్పాలి.

తనిఖీకి వస్తారంటే భయపడనక్కర్లేదు. నీరు ఎక్కడి నుంచి తోడుతున్నారు, ఎక్కడికి వదులుతున్నారు, దగ్గర్లో మడ అడవి గానీ తాగునీటి వనరు గానీ ఉందా అన్నవే ముఖ్యంగా చూస్తారు. రెండు హెక్టార్లు దాటితే, పర్యావరణానికి హాని లేదని అథారిటీ విచారించి తృప్తి చెందాకే అనుమతి వస్తుంది. ఐదు హెక్టార్లు దాటిన చెరువులకు వ్యర్థజల శుద్ధి ఏర్పాటు ఉండాలి.

అసలు పాసుపుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకండి, నకలు చాలు. దరఖాస్తు తిప్పి పంపితే ఏ పత్రం తక్కువైందో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. నోటిమాటతో వెనుదిరిగితే మరుసటి వారం ఇంకో పత్రం పేరు చెబుతారు.