పాత పరికరాల మాన్యువళ్ళను స్కాన్ చేసి ఉచితంగా పంచడం ఎలా? వాటిని ఎవరైనా అమ్ముకుంటే ఏం చేయాలి?

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక సంస్థ తన పాత సామాను వేలం వేసినప్పుడు నేనొక టెక్‌ట్రానిక్స్ 465 ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాల ఆకారాన్ని తెర మీద చూపే కొలత పరికరం) కొన్నాను. దానితో పాటు వచ్చిన 1973 నాటి సర్వీస్ మాన్యువల్‌ను మూడు వారాల పాటు సాయంత్రాలు కూర్చొని స్కాన్ చేసి, అందరికీ అందేలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాను. అందులో పవర్ సప్లై సర్క్యూట్ ఉన్న మడత పేజీ మీద, ఒక రెసిస్టర్ పక్కన, మునుపెప్పుడో ఆ పరికరాన్ని బాగుచేసిన మెకానిక్ "ఇది వేడెక్కుతోంది" అని పెన్సిలుతో తెలుగులో రాసి ఉంచారు. ఏడాది తిరక్కుండానే, విదేశంలోని ఒక అమ్మకందారు పాత మాన్యువళ్ళ డీవీడీ అమ్ముతూ ఇచ్చిన ప్రకటనలో, నమూనాగా చూపిన బొమ్మలో, అవే తెలుగు అక్షరాలు కనిపించాయి. నాకు పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆ కోపంలో నేను రాయబోయిన ఫిర్యాదు చట్టం ముందు నిలిచేది కాదని, నియమాలన్నీ చదివాక తెలిసింది. అదే పని చేయదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులను, నేను నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి అడుగు: స్కానర్ మూత తెరవకముందే హక్కుల పేజీ చూడండి

సాధారణంగా ముఖపత్రం వెనుక, కొన్నిసార్లు చివరి అట్ట లోపలివైపు, చిన్న అక్షరాలలో కాపీరైట్ ప్రకటన ఉంటుంది. ప్రకటన ఉన్నదా లేదా, ఉంటే ఏ సంవత్సరం, ఎవరి పేరు మీద, ఏ దేశంలో అచ్చయింది అనే వివరాలను, మాన్యువల్ భాగసంఖ్యతో సహా ఒక చోట రాసుకోండి. ఆ పేజీని తప్పనిసరిగా స్కాన్‌లో చేర్చండి. చాలామంది ఖాళీగా కనిపిస్తున్నదని దాన్ని వదిలేస్తారు. తరువాత ఎవరైనా ఆక్షేపిస్తే తేల్చి చెప్పగలిగిన ఒక్క ఆధారం అదే.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నంత మాత్రాన ఏ మాన్యువల్ మీదా హక్కులు పోవు. కంపెనీ ఆ పరికరాన్ని తయారు చేయడం మానేసినా పోవు, కంపెనీ మూతపడినా పోవు. మూతపడిన కంపెనీ హక్కులు దాని ఆస్తులు కొన్నవారి చేతికి వెళతాయి.

రెండో అడుగు: గడువు లెక్కించండి

పాత టెస్ట్ పరికరాలు, రేడియోల మాన్యువళ్ళలో అమెరికావి చాలా ఎక్కువ. అక్కడి లెక్క కాస్త చిక్కుగా ఉన్నా, ఒకసారి అర్థమైతే సులువే. 1978కి ముందు అమెరికాలో ప్రచురితమైన పుస్తకానికి కాపీరైట్ ప్రకటన తప్పనిసరి. అది లేకుండా ప్రచురిస్తే ఆ పుస్తకం పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి హక్కూ లేక అందరూ స్వేచ్ఛగా వాడుకోగల స్థితికి, వెళ్ళిపోయినట్టే. ప్రకటన ఉన్నా, 1963 వరకు ప్రచురితమైన వాటికి ఇరవై ఎనిమిదో ఏట హక్కును పునరుద్ధరించుకోవాలి. అలా పునరుద్ధరించని పుస్తకాలకు ఇప్పుడు రక్షణ లేదు. కంపెనీలు తమ సర్వీస్ మాన్యువళ్ళ కోసం ఆ శ్రమ పడ్డాయో లేదో అమెరికా కాపీరైట్ కార్యాలయం రికార్డులలో వెతికి చూడవచ్చు. 1951 నుండి 1963 మధ్య ప్రచురణల పునరుద్ధరణలు 1978 నుండి జరిగినవి గనుక ఆ కార్యాలయపు ఆన్‌లైన్ జాబితాలోనే దొరుకుతాయి. అంతకు ముందరి వాటికి స్కాన్ చేసిన పాత వార్షిక జాబితాలను తిరగవేయాలి.

1964 నుండి 1977 వరకు ప్రకటనతో వచ్చిన వాటికి పునరుద్ధరణ దానంతట అదే జరిగినట్టు చట్టం భావిస్తుంది గనుక, ప్రచురణ నుండి 95 ఏళ్ళ రక్షణ ఉంటుంది. నా 1973 మాన్యువల్ ఈ వర్గంలోనిదే. దాని గడువు 2068 చివర గాని తీరదు. 1978 నుండి 1989 ఫిబ్రవరి వరకు వచ్చిన వాటి విషయంలో, ప్రకటన మరచిపోయినా ఐదేళ్ళలోపు నమోదు చేసుకొని తప్పు దిద్దుకునే వీలుండేది. కనుక ప్రకటన లేదన్న ఒక్క కారణంతో వాటిని స్వేచ్ఛగా వాడుకోవచ్చని అనుకోకండి. 1989 మార్చి 1 నుండి ప్రకటన అవసరమే లేదు. 1930 వరకు ప్రచురితమైనవన్నీ 2026 జనవరి 1తో అక్కడ పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేశాయి.

అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తమ విధుల్లో భాగంగా రాసిన వాటికి అక్కడ కాపీరైట్ లేదు. ఆర్-390ఏ వంటి సైనిక రిసీవర్లకు ఆ దేశ సైన్యం ప్రచురించిన టెక్నికల్ మాన్యువళ్ళు ఇన్ని చోట్ల నిశ్చింతగా చేతులు మారడానికి కారణం ఇదే. అయితే తయారీ కంపెనీ తానే రాసి, సైన్యానికి సరఫరా చేసిన పుస్తకం ఈ కోవలోకి రాకపోవచ్చు. ముఖపత్రం మీద ఎవరి పేరుందో చూడాలి.

ఐరోపా, జపాన్ మాన్యువళ్ళ దగ్గర పొరబాటు పడేవారు ఎక్కువ. "ప్రకటన లేదు గనుక హక్కు లేదు" అనే అమెరికా లెక్కను ఫిలిప్స్, గ్రుండిగ్ పుస్తకాలకు వర్తింపజేయకూడదు. 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో రక్షణ ఉన్న విదేశీ పుస్తకాలకు, అమెరికాలో పోయిన హక్కును కూడా ఆ రోజున తిరిగి ఇచ్చారు.

మన దేశపు మాన్యువళ్ళకు 1957 నాటి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. రచయిత పేరు లేకుండా కంపెనీ పేరుతో వచ్చిన పుస్తకానికి, ప్రచురితమైన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు లెక్కించాలి. ప్రభుత్వ రంగ సంస్థల ప్రచురణలకూ ఇదే గడువు. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1970లో ఒక పుస్తకం ప్రచురించి ఉంటే, దాని మీద హక్కు 2030 చివరి వరకు ఉంటుంది. మన తెలుగు ఇళ్ళలో ఈసీఐఎల్ టీవీలు ఎన్ని ఉండేవో తలచుకుంటే, వాటి సర్క్యూట్ కాగితాలు ఇప్పుడే సేకరించి పెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆబిడ్స్ ఆదివారం సంతలోనో, కోఠీలోని పాత రిపేరు దుకాణాలలోనో అవి దొరికితే వదలకండి. బహిరంగంగా పంచడానికి గడువు తీరేదాకా ఆగవలసి రావచ్చు గాని, భద్రపరచడానికి ఆగనవసరం లేదు.

మూడో అడుగు: గడువు తీరకపోతే అనుమతి కోసం వెతకండి

ముందు ఆ హక్కు ఇప్పుడెవరిదో తేల్చుకోవాలి. హెచ్‌పీ పేరు మీదున్న పాత సిగ్నల్ జనరేటర్ మాన్యువల్ కోసం ఇప్పటి హెచ్‌పీకి రాస్తే ఉపయోగం ఉండదు. ఆ కొలత పరికరాల వ్యాపారం 1999లో ఎజిలెంట్‌గా విడిపోయి, 2014లో కీసైట్‌గా మారింది.

టెక్‌ట్రానిక్స్ ఈ విషయంలో ఎంతో ఉదారంగా వ్యవహరించింది. 2000 సంవత్సరానికి ముందు తాను ప్రచురించిన, ఇప్పుడు తన మద్దతు లేని కొలత పరికరాల మాన్యువళ్ళను ఎవరైనా, ఏ రూపంలోనైనా నకలు తీసి పంచుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది. నా స్కాన్ నిలబడింది ఆ అనుమతి మీదనే.

హీత్‌కిట్ కథ దీనికి పూర్తిగా భిన్నం. 1947లో ఆసిలోస్కోపు కిట్‌తో మొదలుపెట్టి, ఇంట్లో కూర్చొని పరికరాలు తయారు చేసుకునే విద్యను ఒక తరానికి నేర్పిన ఆ సంస్థ 1992లో కిట్ల తయారీ మానేసింది. దాని మాన్యువళ్ళ మీద హక్కులు ఉన్నవారు వాటిని అమ్ముతూ, ఉచితంగా పంచడానికి ఒప్పుకోలేదు. పాత భారీ వాల్వు రేడియోల మాన్యువళ్ళను ఏళ్ళ తరబడి ఉచితంగా అందిస్తున్న బామా వంటి సేకరణలు కూడా హీత్‌కిట్ భాగాన్ని తొలగించవలసి వచ్చింది. అభిమానులకు అది బాధ కలిగించినా, హక్కుదారు తన హక్కును వాడుకున్నారనే మాట కాదనలేం.

అనుమతి కోరుతూ రాసేటప్పుడు మోడల్ సంఖ్య, మాన్యువల్ భాగసంఖ్య, ప్రచురణ సంవత్సరం, ఎక్కడ పెట్టదలిచారు, డబ్బు తీసుకుంటారా లేదా అనే వివరాలు స్పష్టంగా ఇవ్వండి. "ఇతరులు దీన్ని అమ్ముకోవచ్చా?" అని కూడా అదే ఉత్తరంలో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నేను అడగని ప్రశ్న అదే. జవాబు రాకపోతే దాన్ని అంగీకారంగా భావించకూడదు.

నాలుగో అడుగు: ఎక్కడి నుండి వచ్చిందో చెప్పేలా స్కాన్ చేయండి

అక్షరాల పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే స్పష్టత కొలత) సరిపోతుంది, సర్క్యూట్ మడత పేజీలకు 600 వాడండి. మొదటి పేజీగా మీరు రాసిన ఒక చిన్న వివరణ చేర్చండి: మూల ప్రతి ఏది, ఎప్పుడు స్కాన్ చేశారు, ఏ ఆధారంతో పంచుతున్నారు, ఉచిత ప్రతి ఎక్కడ దొరుకుతుంది. డబ్బు పెట్టి కొన్నవారు ఆ పేజీ చూస్తే ఉచిత ప్రతి సంగతి వారికే తెలుస్తుంది. సర్క్యూట్ బొమ్మల మీద అడ్డంగా వాటర్‌మార్క్ వేయడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. 4.7 అన్న అంకెలో చుక్క కనిపించకపోతే 47 అనుకొని తప్పు భాగం వేసేవారుంటారు. అట్ట మీద పాత యజమాని పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉంటే వాటిని కనిపించకుండా చేయండి.

ఐదో అడుగు: అందులో మీది ఏదో, మీది కానిదేదో విడదీసుకోండి

నాకు మింగుడుపడడానికి ఎక్కువ కాలం పట్టిన సంగతి ఇదే. మూడు వారాల శ్రమ నాది, కానీ ఆ శ్రమ వల్ల కాపీరైట్ పుట్టదు. అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసులో, కేవలం కష్టపడినందుకు కాపీరైట్ రాదని, కొంతైనా సొంత సృజన ఉండాలని చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో ఒట్టి శ్రమ చాలదన్న దారినే నడిచింది. ఉన్న పేజీని ఉన్నట్టుగా చూపే స్కాన్‌లో సృజనకు చోటు లేదు. అందువల్ల దాని మీద "వాణిజ్యానికి వాడరాదు" అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో హక్కుదారు ముందే చెప్పే అనుమతి పత్రం) తగిలించినా దానికి బలం ఉండదు. మీకు లేని హక్కును మీరు లైసెన్సుగా ఇవ్వలేరు.

మీరు సొంతంగా రాసిన ముందుమాట, రిపేరు అనుభవాలు, తీసిన ఫొటోలు, తెలుగులో రాసిన వివరణ మాత్రం మీవే. వాటిని వేరే ఫైలుగా పెట్టి, మీకు నచ్చిన లైసెన్సు ఇవ్వండి. మాన్యువల్ మొత్తాన్ని తెలుగులోకి అనువదించాలంటే, గడువు తీరనంతవరకు దానికీ హక్కుదారు అనుమతి కావాలి.

ఆరో అడుగు: మీ స్కాన్ అమ్మకానికి కనిపిస్తే

ముందు ఆ ప్రకటనను తేదీతో సహా భద్రపరచండి. అది నిజంగా మీ స్కానేనా అని మరకలు, వంకర పేజీలు, చేతిరాతలు చూసి రూఢి చేసుకోండి. ఆ తరువాత, అమ్ముతున్నది అచ్చు పుస్తకమా, నకలా అన్నది గమనించండి. అచ్చు పుస్తకాన్ని కొన్నవారు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. చర్చ అంతా నకళ్ళ గురించే.

మాన్యువల్ పబ్లిక్ డొమైన్‌లో ఉంటే, నకళ్ళను ఎవరైనా ఎంతకైనా అమ్ముకోవచ్చు. అనుమతితో పంచినదైతే ఆ అనుమతి మాటలను మళ్ళీ చదవాలి. టెక్‌ట్రానిక్స్ అనుమతిలో "ఎవరైనా" అని ఉంది. నాకు అండగా నిలిచిన ఆ మాటే డీవీడీ అమ్మకందారుకూ వర్తిస్తుంది. ఇక అనుమతి లేని, గడువు తీరని పుస్తకమైతే ఫిర్యాదు చేసే హక్కు కంపెనీకి గాని వారి ప్రతినిధికి గాని ఉంటుంది, స్కాన్ చేసినవారికి ఉండదు. ఆన్‌లైన్ అమ్మకాల వేదిక ఈబేలో వెరో అనే ఫిర్యాదు పద్ధతి హక్కుదారుల కోసం పెట్టినదే. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం కింద, నకలును తొలగించమని ఇచ్చే నోటీసులో, హక్కుదారు తరఫున వ్యవహరించే అధికారం తమకుందని ప్రమాణపూర్వకంగా చెప్పాలి. తెలిసి అబద్ధం చెబితే నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. మన దేశంలో కూడా హక్కుదారు ఫిర్యాదు చేస్తే, వేదిక నడిపేవారు 36 గంటల్లో ఆ లింకును ఆపాలని, ఫిర్యాదీ 21 రోజుల్లోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే దాన్ని తిరిగి తెరవవచ్చని నియమం ఉంది. మీ దగ్గర ఆధారాలుంటే హక్కుదారుకు తెలియజేయండి. అయితే ఆ ఉత్తరం పంపే ముందు, అదే హక్కుదారు మీ ఉచిత ప్రతిని కూడా తీసేయమనవచ్చని గుర్తుంచుకోండి.

అమ్మకందారుకు నేరుగా మర్యాదగా రాయడం చాలాసార్లు మంచి ఫలితమే ఇస్తుంది. నేను రాసింది ఇంతే: "ఈ స్కాన్ నేను చేసినది. దీని ఉచిత ప్రతి ఫలానా చోట ఉంది. మొదటి పేజీని తొలగించకుండా, ఆ చిరునామాను మీ ప్రకటనలో కూడా ఇవ్వండి." వారం తరువాత ప్రకటనలో ఆ చిరునామా కనిపించింది.

ఏడో అడుగు: మీరే అమ్మదలిస్తే

ముద్రించి, బైండింగ్ చేసి ఇవ్వమని కొందరు నిజంగానే అడుగుతారు. మరమ్మతు బల్ల మీద ఫోన్ తెర కన్నా కాగితమే అనుకూలం. పబ్లిక్ డొమైన్ పుస్తకమైతే డబ్బు తీసుకోవచ్చు గాని, దాని మీద మీ కాపీరైట్ అని అచ్చువేయకండి. అనుమతితో పంచుతున్నదైతే ఆ అనుమతి అమ్మకానికీ వర్తిస్తుందా అని చూసుకొని, దాని నకలును పుస్తకంలో జతపరచండి. "ఖర్చు మాత్రమే తీసుకుంటున్నాను" అన్న మాట ఒక్కటే కాపీరైట్ చిక్కు నుండి కాపాడదు. వ్యాపారంగా చేయదలిస్తే ఒకసారి న్యాయవాదికి చూపించండి.

ఏది చేసినా, స్కాన్ అయిపోయిందని కాగితపు ప్రతిని పాత కాగితాల వారికి వేసేయకండి. నా దానిలోని పెన్సిల్ రాతను ఆ తరువాత 600 డీపీఐలో మళ్ళీ స్కాన్ చేసినప్పుడు, "ఇది వేడెక్కుతోంది" కింద, మొదటిసారి అసలు పడని మరో వరుస కనిపించింది: "2 వాట్లది వేశాను."