అటక లేని వాలు పైకప్పు: చెన్నైలో స్వీయ ధ్రువీకరణ దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసినవి

పెంకుల కింద అటక లేకుండా, వాసాల వాలు వెంటే లోకప్పు (సీలింగ్) బిగించిన ఎత్తైన హాలు కట్టుకోవాలనుకుంటున్నారా? చిన్న స్థలమైతే చెన్నైలో దానికి అనుమతి త్వరగానే వస్తుంది. అసలు కష్టం పెంకుకూ లోకప్పుకూ మధ్య ఉండే జానెడు మందంలో ఉంది. అక్కడ చేరిన చెమ్మ ఎటు పోతుందో దరఖాస్తు పెట్టకముందే మీరు తేల్చుకోవాలి.

తమిళనాడు ప్రభుత్వం 2024 జులైలో స్వీయ ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. 2,500 చదరపు అడుగుల వరకు ఉన్న స్థలంలో 3,500 చదరపు అడుగులు మించకుండా, కింది అంతస్తు లేదా దానిపై మరొక అంతస్తుతో ఇల్లు కట్టుకునేవారికి ఇది వర్తిస్తుంది. ప్లానును అధికారి ముందుగా పరిశీలించరు. నియమాలు పాటించానని మీరే ధ్రువీకరిస్తారు కాబట్టి తప్పు జరిగితే బాధ్యతా మీదే. అందుకే పైకప్పు నిలువుకోత చిత్రాన్ని ఆర్కిటెక్టుతో పొర పొరగా గీయించండి.

ఆ పొరల వరుసలోనే చాలా ఇళ్లు దెబ్బతింటాయి. చలి దేశాల పుస్తకాలు ఆవిరిని ఆపే పొరను గది వైపు వేయమంటాయి. అక్కడ చెమ్మ ఇంటి లోపలి నుంచి బయటికి పోతుంది. చెన్నైలో ఏసీ వేసిన గదికి అది బయటి నుంచి లోపలికి వస్తుంది. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి సుమారు 27 డిగ్రీల కంటే చల్లని దేన్ని తాకినా నీరుగా మారుతుంది. 24 డిగ్రీల గదికి కప్పుగా ఉన్న జిప్సం బోర్డు వెనక్కి ఆ గాలి చేరితే బోర్డు వీపు తడుస్తుంది, వాసం కుళ్లుతుంది. గది వైపు ప్లాస్టిక్ పొర ఉంటే ఆ తడి ఆరే దారి కూడా మూసుకుపోతుంది.

నా మాటగా చెప్పాలంటే వరుస ఇలా ఉండాలి: వాసాల మీద పలకలు, వాటిపై 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి పాలీస్టైరీన్ నురుగు) పలక, దానిపై నీటిని, ఆవిరిని ఆపే పొర, ఆ పైన చూరు నుంచి కొప్పు దాకా గాలి ఆడేలా పట్టీలు, చివరగా పెంకులు. లోపల మామూలు ఎమల్షన్ రంగు చాలు. లోకప్పుకు రంధ్రాలు కోసి దీపాలు పెట్టవద్దు, ప్రతి రంధ్రమూ తేమగాలికి తలుపే. నివాస భవనాల ఇంధన నియమావళి అయిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత, పైకప్పు యూ-విలువ (కప్పు వేడిని ఎంతగా దాటనిస్తుందో చెప్పే కొలత, తక్కువైతే మేలు) చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించరాదంటుంది. అది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకు ఉద్దేశించినది. మీ స్థలం అంతకన్నా చిన్నదైనా దాన్నే పాటించండి. ఎండ చిన్న ఇల్లని చూడదు.

ఇక దరఖాస్తు. ఆన్‌లైన్‌పీపీఏ డాట్ టీఎన్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే ఏకగవాక్ష పోర్టల్‌లో నమోదై, స్వీయ ధ్రువీకరణ విభాగంలో విక్రయ పత్రం, పట్టా, స్థలం ఫోటో, ప్లాను జతచేసి రుసుము చెల్లించాలి. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ ఉన్న అనుమతి పత్రాన్ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మన తెలుగువారు ముందుగా పేరు సరిచూసుకోవాలి. విక్రయ పత్రంలో ఇంటిపేరుతో, పట్టాలో తండ్రి పేరుతో ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

ప్లానులో చూరు ఎంత ముందుకు వస్తుందో, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో ఎంత ఆక్రమిస్తుందో చూపించండి. చూరునీరు పొరుగు స్థలంలో పడకూడదు. తమిళనాడులో వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి చూరు కాలువను ఇంకుడు బావికి కలిపిన గీత కూడా ప్లానులో ఉండాలి.

పాత ఇంటికి పెంకులు మార్చడం, లోకప్పు వేయడం వంటి పనులకు, కట్టడం బలానికి భంగం లేకపోతే, 2016 జాతీయ భవన నియమావళి అనుమతి అడగదు. అయినా స్థానిక కార్యాలయంలో అడిగి మొదలుపెట్టండి. కప్పు ఎత్తు పెంచేటట్లయితే కొత్త అనుమతి కావాలి.

బోర్డు బిగించే ముందు రోజు పెంకుల మీద అరగంట గొట్టంతో నీళ్లు పోయించి, కింద నిలబడి ప్రతి వాసాన్నీ చేత్తో తడిమి చూడండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగేలోగా ఈ పని పూర్తికావాలి.