సీరియల్‌ని వీధిలో నడిపించాలంటే

చేతిలో ఫోన్, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఫోన్‌లో మీరు నడుస్తున్న వీధే కనిపిస్తుంది, కాకపోతే మలుపులో ఒక పాత్ర నిలబడి ఉంటుంది. తలెత్తి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. కెనడా కళాకారులు జానెట్ కార్డిఫ్, జార్జ్ బ్యూర్స్ మిల్లర్ 2012లో జర్మనీలోని కాసెల్‌లో, పాత రైల్వే స్టేషన్‌లో చేయించిన వీడియో నడక ఇలాంటిదే.

మీరూ టీవీ సీరియల్ లాంటి కథని ఇలా వీధిలో చేయాలనుకుంటే కథ తర్వాత, ముందు దారి చూసుకోండి. కిలోమీటరు చాలు. ఫోన్ చూస్తూ నడిచేవాళ్లకి దానికే 20 నిమిషాలు పట్టొచ్చు. కథని మెట్లకి, స్తంభానికి, గోడ మూలకి ముడిపెట్టండి. పోస్టర్‌నీ ఆగి ఉన్న బండినీ నమ్ముకుంటే ప్రదర్శన రోజుకి అవి ఉండవు.

షూటింగ్ కూడా ప్రదర్శన వేళకే చేయండి, లేకపోతే నీడలు కలవవు. కెమెరా ఛాతీ ఎత్తున పట్టుకుని, నింపాదిగా, కట్ లేకుండా నడవాలి. కట్ పడితే చూసేవాళ్లు దారి తప్పుతారు. మొహం మీదకి మూడుసార్లు జూమ్ చేయడం ఇక్కడ పనికిరాదు.

ఆ ‘ఢాం’ మ్యూజిక్‌ని మాత్రం వదలకండి! అది చెవిలో మోగిన క్షణంలో దారినపోయేవాళ్లు ఎవరైనా ఊరికే వెనక్కి తిరిగినా విలన్‌లా కనిపిస్తారు. నాకు ఈ పనిలో అసలు మజా అదే. డైలాగులూ అలాగే రాయాలి. ‘ఎర్ర గొడుగు మనిషిని నమ్మకు’ అంటే ఆ గొడుగు రాదు. ‘ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడే, వాడికి అంతా తెలుసు’ అనండి. అలాంటివాడు ఏ వీధిలోనైనా దొరుకుతాడు, జీతం అడగడు. ‘వాడి వెంట వెళ్లు’ అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. పాపం, అతనికేం తెలుసు?

రెండు చెవుల దగ్గరా చిన్న మైకులు పెట్టుకుని రికార్డు చేస్తే, వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు నిజంగా వెనకే వినిపిస్తుంది. రోడ్డు దాటేచోట సౌండ్ పూర్తిగా ఆపేయాలి. అంతకుముందే పాత్ర చేతనే చెప్పించండి: ‘ఫోన్ దించు. రెండువైపులా చూసి దాటు. అవతల మాట్లాడుకుందాం.’

చివరగా, దారి తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి మీరు వెనకాల మాట్లాడకుండా నడవండి. వాళ్లు ఎక్కడ ఆగి దిక్కులు చూస్తే అక్కడ ఇంకో వాక్యం కావాలి. ఎండలో తెర కనిపిస్తోందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.